రాతివేషం కట్టిన కండక్టరు

తాతయ్య నోట్లో నువ్వు గింజ నానదని ఇంట్లో అందరూ అంటారు. అది తప్పు. నానడం సంగతి తర్వాత, ముందు ఆ నోట్లో నువ్వు గింజ వేయడానికి సందంటూ దొరకాలి కదా.

ముప్ఫై నాలుగేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసిన మనిషి. స్టాపుల పేర్లు అరిచి, దిగేవాళ్లని దించి, ఎక్కేవాళ్లని ఎక్కించి, మధ్యలో ఊపిరి తీసుకునే ఖాళీ దొరికితే ఆ ఖాళీలో కూడా ఎవరికో ఒకరికి సలహా చెప్పి, అలా చెబుతూ చెబుతూనే రిటైరయ్యాడు. రిటైరైన రోజున డిపోవాళ్లు ఆయన బస్సులోని గంటని, దాని తాడుతో సహా ఊడదీసి బహుమతిగా ఇచ్చారు. ఒకసారి కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పోనివ్వు. తాతయ్య దాన్ని వంటింటి గుమ్మం పక్కన బిగించాడు. టీ కావాలన్నా, తువ్వాలు కావాలన్నా గంట కొట్టడం మొదలుపెట్టాడు. మూడో రోజున నానమ్మ తాడుని పక్కనున్న మేకుకి చుట్టి ముడేసింది.

"ఇంకొక్కసారి ఇది మోగిందంటే మిమ్మల్నే దారిలో దింపేస్తాను" అంది.

గంటకి ముడేయొచ్చు గానీ ఒంట్లో పాతుకుపోయిన అలవాట్లకి వేయలేం కదా. ఎక్కడికెళ్లినా తాతయ్య తలకాయలు లెక్కపెడతాడు. పళ్ల డాక్టరు దగ్గర దవడ వాచి కూర్చున్నప్పుడు కూడా చూపుడువేలు దానంతటది గాల్లో ఆడుతుంది. "పదిహేడు మంది. అందులో ఇద్దరు ఊరికే ఫ్యాను కోసం వచ్చారు" అని తేలుస్తాడు. గుమ్మం దగ్గర అందరినీ ముందు పంపించి తను చివర్లో అడుగు పెడతాడు. నలుగురు కూర్చునే భోజనాల బల్ల చుట్టూ ఏడుగురిని ఇరికించి, "కొంచెం జరగండి, ఇంకొకరికి చోటుంది" అంటాడు. ఆ మాట ఎప్పుడూ నిజమే అవుతుంది. మోచేతులు మాత్రం ఎవరికీ మిగలవు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రోజుకి వెయ్యి మంది ఆయన మాట విన్నారు. వినక చస్తారా, బస్సులో ఉన్నారు. రిటైరయ్యాక వినేవాళ్ల లెక్క నానమ్మతో మొదలై నానమ్మతోనే ఆగిపోయింది. ఆవిడ కూడా మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేవలేకే వింటోందని వీధంతటికీ అనుమానం.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం తాతయ్య గొడుగు పట్టుకుని కళ్లజోళ్ల షాపుకి వెళ్లాడు. మనవరాలు ఆ షాపులో పనిచేస్తుంది. పొద్దున గొడుగు మరిచిపోయి వెళ్లింది. ఆదివారం షాపు సెలవు కదా, ఈ పిల్ల అక్కడేం చేస్తోందన్న అనుమానం గొడుగు కంటే బరువుగా ఉంది. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి తొంగి చూశాడు.

గోడల నిండా ఖాళీ కళ్లజోళ్లు. వాటన్నిటి మధ్యలో పెద్ద అక్షరం నుంచి చీమ తలకాయంత అక్షరం దాకా దిగే కంటి పరీక్ష అట్ట. దాని కింద ఒక గుండ్రటి బల్ల, బల్ల చుట్టూ నలుగురు. షాపు యజమానురాలు, అందరూ కళ్లజోళ్ల మేడమ్ అనే ఆవిడ, చేతులు రెండూ పైకెత్తి, "మీ నెత్తి మీద రాక్షసుడి నీడ పడింది!" అని గర్జిస్తోంది. వారమంతా "ఈ అద్దంతో బాగుందా, ఆ అద్దంతో బాగుందా" అని పిల్లిపిల్లలా మాట్లాడే మనిషి ఆవిడే.

"నక్క పరిగెడుతుంది" అంది మనవరాలు.

"నేను ఎగిరి రాక్షసుడి చెవిలో దూరతాను" అన్నాడు ఆరడుగుల లారీ మెకానిక్కు, సన్నటి గొంతుతో.

తాతయ్య షట్టరు కింద నుంచి లోపలికొచ్చాడు. "నలుగురు" అన్నాడు ముందు, అలవాటు కొద్దీ. తర్వాత, "ఏంటిది?" అన్నాడు.

ఏంటో చెప్పడానికి మనవరాలికి పావుగంట పట్టింది. అందులో పది నిమిషాలు తాతయ్యే మాట్లాడాడు. విషయం ఇదీ: మేడమ్ కథ నడిపిస్తుంది. మిగతావాళ్లు ఆ కథలో తలొక వేషం కడతారు. రంగులూ కిరీటాలూ ఉండవు, కుర్చీలో కూర్చుని నోటితోనే కట్టాలి. కష్టమైన పని ఏదైనా చేయాలంటే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని జరుగుతుంది, చిన్నది పడితే ఖర్మ. ఈ బల్ల దగ్గర ఒక పద్ధతుంది. మనిషి వేషం కట్టకూడదు.

"మనిషిగా వారానికి ఆరు రోజులు ఉంటున్నాం కదా తాతగారూ, చాలదా?" అంది మేడమ్.

మెకానిక్కుది అరచేతిలో పట్టేంత రెక్కల పిల్ల వేషం.

"ఇంత మనిషివి, నీకా చిట్టి వేషమేంటయ్యా?" అన్నాడు తాతయ్య.

"వారమంతా లారీల కింద పాకుతాను పెద్దాయనా. ఒక్క రోజైనా ఎగరొద్దా?"

పక్కన ఆసుపత్రి నర్సు ఉంది. ఆవిడది ఎలుగుబంటి వేషం. "శీతాకాలం మొత్తం నిద్రపోవచ్చంట. ఇంక రెండో మాట అడగలేదు నేను" అంది ఆవలిస్తూ. మనవరాలిది నక్క. షాపుకొచ్చిన ప్రతి ముఖానికీ "మీకు ఇదే బాగుంటుందండీ" అని మొహమాటంగా అబద్ధమాడే పిల్ల, ఆదివారం నక్కై మొహమాటం లేకుండా అబద్ధాలాడుతుంది. ఆ నక్కని మూడేళ్లుగా ప్రాణంలా కాపాడుకుంటూ వస్తోంది.

బల్ల చుట్టూ అయిదు కుర్చీలున్నాయి. అయిదోది ఖాళీ. తాతయ్య దాని వైపు ఎలా చూశాడంటే, మేడమ్ గొడుగు తీసుకుని ఆయన్ని కూర్చోమనక తప్పలేదు.

మొదటి వేషానికి తాతయ్య అందరికంటే పెద్ద నోరున్నదాన్ని ఎంచుకున్నాడు. బల్లిదొర. ఎనిమిది అడుగుల ఎత్తు, పొలుసులు, నోట్లోంచి నిప్పు. మొదటి ఆదివారమే బృందం ఒక కోట గేటు ముందు, నిద్రపోతున్న రాక్షసుల మధ్య నుంచి మునివేళ్ల మీద నడుస్తోంది. అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. మేడమ్ కూడా గొంతు తగ్గించి, "కోట గేటు వచ్చేసింది" అంది. అంతే.

"కోట గేటు! కోట గేటు! దిగేవాళ్లు ముందుకు రావాలి!"

పక్కనున్న టైలరు షాపులోంచి కూడా ఎవరో బయటికొచ్చి చూశారట. రాక్షసులు లేవకుండా ఎలా ఉంటారు? బల్లిదొర కథ ఆ గేటు దగ్గరే ముగిసింది.

రెండోసారి పొడుగు చెవుల అడవిజాతి వేషం కట్టాడు. మూడొందల ఏళ్లు బతికే జాతి. "మా రోజుల్లో అని చెప్పుకోవడానికి మూడొందల ఏళ్లుంటాయి" అని మురిసిపోయాడు. వేలాడే వంతెన దగ్గర తాళ్లు తెగుతుంటే, "మీరు పదండి, మీరు పదండి" అని ఒక్కొక్కరినీ దాటించి తను చివర్లో అడుగు పెట్టాడు. వంతెన ఆయన్ని మోయలేదు. మూడొందల ఏళ్ల ఆయుష్షు తాతయ్య చేతిలో రెండు ఆదివారాలు కూడా ఆగలేదు.

అప్పుడు చెప్పింది మేడమ్, బాధగానే, ఆ బల్ల రెండో పద్ధతి. మూడు వేషాలు పోగొట్టుకున్నవాళ్లు కుర్చీ ఖాళీ చేయాలి.

ఎందుకంటే కుర్చీ కోసం ఒకాయన కాచుకుని ఉన్నాడు. పోస్టాఫీసు గుమాస్తా. చాలా మర్యాదస్తుడు. తాతయ్య ఆ కుర్చీలో కూర్చున్న మరుసటి వారం నుంచి ప్రతి ఆదివారం వచ్చి, కంటి పరీక్ష చేసే ఎత్తు స్టూలు మీద, కాళ్లు నేలకి అందక వేలాడుతూ కూర్చుని ఆట చూస్తాడు. వెళ్లేటప్పుడు, "తాతగారి ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని అడుగుతాడు. తాతయ్య కళ్లెర్రజేస్తే, "అయ్యో, మీది కాదండీ, వేషానిది" అంటాడు.

ఆ సాయంత్రం తాతయ్య ఇంటికొచ్చి, జీవితంలో మొదటిసారి అడిగితే గానీ మాట్లాడలేదు. నానమ్మ కంగారుపడి నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు.

"ఆ కుర్చీ పోతే ఇంకెక్కడే నాకు చోటు?" అన్నాడు. "అక్కడ నేను మాట్లాడితే వాళ్లు వింటారే. విని, తర్వాతేం చేద్దాం అని అడుగుతారు కూడా."

నానమ్మకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. రెండిట్లో ముందుగా నవ్వే బయటికొచ్చింది. మనవరాలు గోరింకలా అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది: మెకానిక్కు ఎందుకు ఎగురుతాడో, నర్సు ఎందుకు ఎలుగుబంటో, తను ఎందుకు నక్కో, ఆ వేషాలన్నీ రాసి ఉన్న ఆటల పుస్తకం సంగతేంటో.

"అంటే ఎవరికి లేనిది వాళ్లు కట్టుకుంటున్నారన్న మాట" అంది నానమ్మ. "మరి ఈయనేంటి, ఉన్న నోటికే ఇంకో నోరు తగిలించుకుంటున్నారు? ఏమండీ, నోరు లేనిదేదీ లేదా ఆ పుస్తకంలో?"

ఉంది. ఆటల పుస్తకం చివర్లో, ఎవరూ తీయక అంటుకుపోయిన పేజీలో ఉంది. కొండరాయి జాతి. బలం చాలా ఎక్కువ. ఆయుష్షుకి లెక్కలేదు. కథలోని ఒక రోజుకి ఒకే ఒక్క మాట మాట్లాడుతుంది. రెండో మాట మాట్లాడితే పగిలి ముక్కలవుతుంది.

"తాతా, నీ వల్ల కాదు" అంది మనవరాలు.

"వేలకొద్దీ జనాన్ని ఆపినవాణ్ణి, నా నాలుకని ఆపలేనా?"

"జనం గంట కొడితే ఆగారు."

సోమవారం నుంచి ఇంట్లో సాధన మొదలైంది. రోజుకొక్క మాట. సోమవారం మధ్యాహ్నం భోజనం దగ్గర మొదటి ముద్దకే, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. అంతే, ఆ రోజు సరుకు అయిపోయింది. మిగతా రోజంతా బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవాల్సి వచ్చింది. నానమ్మ ఆ రాత్రి కూరలో ఉప్పు ఇంకొంచెం తగ్గించింది, కావాలనే. తాతయ్య ముఖం చూస్తూ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. మంగళవారం తెల్లారగానే పాలవాడితో "వచ్చావా" అని, ఆ ఒక్క మాటా వాడికి ఇచ్చేశాడు. బుధవారం బజార్లో పాత డ్రైవరు ఎదురై ఏకధాటిగా అరగంట మాట్లాడాడు. తాతయ్య చేతులూ కనుబొమలూ ఆడిస్తూ ఉండిపోయాడు. ఆ డ్రైవరు ఇంటికెళ్లి, "పాపం, మనవాడికి మాట పడిపోయింది" అని అందరికీ చెప్పాడు. పరామర్శకి నలుగురొచ్చారు. వాళ్లకి కూడా తాతయ్య ఏమీ చెప్పలేకపోయాడు. ఆ రోజు మాట అప్పటికే ఖర్చయిపోయింది మరి.

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గోడగడియారం కొట్టుకుంటుందని నానమ్మకి అప్పుడే తెలిసింది. మొదట్లో హాయిగా ఉంది. గురువారానికి అంత హాయిగా లేదు. ఊరికే వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమండీ, ఇవాళ్టి మాట ఖర్చయిందా, ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది. తాతయ్య ఉందన్నట్టు జేబు తట్టి చూపించేవాడు.

రోజుకి ఒకటే అయ్యేసరికి, ఏది చెప్పాలా అని తాతయ్య ఆలోచించడం నేర్చుకున్నాడు. డెబ్భై ఏళ్లకి కొత్త విద్య. శుక్రవారం పొద్దుటి నుంచి నోట్లో ఒక మాట పెట్టుకుని తిరిగాడు. సాయంత్రం నానమ్మ కుర్చీలో కూర్చుని కాలు చాపుకుంటుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నీ మోకాలు ఎలా ఉందే?" అన్నాడు.

నానమ్మ చాపుతున్న కాలు ఆపేసింది. "ఈ ఒక్క ముక్క అడగడానికి మీకు రాయి వేషం కట్టాల్సి వచ్చిందా?" అని, మోకాలి సంగతి పూర్తిగా, మొదటి నుంచి చెప్పింది. తాతయ్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఎలా వస్తాడు, మాట అయిపోయింది కదా. మర్నాడు పొద్దున వెతికి వెతికి ఒక పొట్టి పీట తెచ్చి, కాలు పెట్టుకోవడానికి ఆవిడ కుర్చీ ముందు వేశాడు.

ఆదివారం వచ్చింది.

"పదకొండు మంది బాటసారుల్ని కొండ కనుమ దాటించాలి" అని మొదలుపెట్టింది మేడమ్. "రూపు మార్చే భూతం ఒకటి ఆ కనుమలో తిరుగుతుందని అంటారు. సరే, తెల్లవారింది." ఆ పదకొండు మందికీ గుర్తుగా లెన్సు డబ్బాల పాత మూతలు పదకొండు బల్ల మీద పోసింది. తాతయ్య ఒక్క మాట లేకుండా వాటిని దగ్గరికి లాక్కుని, రెండేసి చొప్పున వరసలు కట్టాడు. మధ్యలో నడవడానికి సందు కూడా వదిలాడు. అంచు పగిలిన మూతా, దాని పక్కన బుల్లి పచ్చ మూతా ముందు వరసలో. తల్లీబిడ్డా అయి ఉంటారు. సిరా మరక ఉన్న మూత కిటికీ పక్కన. ముసలాయన, గాలి కావాలి.

"అవి ఊరికే గుర్తు కోసమేనండీ తాతగారూ" అంది మేడమ్.

తాతయ్య తల ఊపాడు. జేబులో ఆ రోజు మాట భద్రంగా ఉంది. గుమాస్తా ఎత్తు స్టూలు మీద కాళ్లు ఊపుతూ, పెన్సిలు పట్టుకుని చూస్తున్నాడు.

"నది ఒడ్డుకి వచ్చారు. పడవ వచ్చింది. అటు ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు ఇంకా దిగనే లేదు, మీ బాటసారులు తోసుకుంటూ ఎక్కేస్తున్నారు..."

"దిగేవాళ్లని దిగనివ్వండయ్యా ముందు!"

తాతయ్య తన నోటిని తనే మూసుకున్నాడు, రెండు చేతులతో. అలవాటులో పొరపాటు. ఒక రోజు మొత్తానికి ఉన్న ఒక్క మాట, కథలో ఇంకా ఉదయం ఎనిమిదింటికే, లేని పడవలో లేని జనానికి ధారపోశాడు.

"తాతా..." అని మనవరాలు తల పట్టుకుంది.

"ఇంకా పగల్లేదు" అంది మేడమ్. "కానీ రేపు తెల్లవారేదాకా ఇంకో మాట లేదు తాతగారూ. గుర్తుంచుకోండి."

నది దాటారు, కొండెక్కారు. మంచు కమ్ముకుంది. మంచు అన్నప్పుడు మేడమ్ మూతలన్నీ గుప్పిట్లోకి ఊడ్చేసింది. గుహ వచ్చింది అన్నప్పుడు గలగలా బల్ల మీద కుమ్మరించింది. "అందరూ కలగాపులగమైపోయి, అలసిపోయి గుహలోకి చేరారు. మంట వెచ్చగా ఉంది. పడుకుంటారా?"

"నాకు ఆ మాట వింటేనే కళ్లు మూతపడుతున్నాయి" అంది నర్సు. మెకానిక్కు రెక్కలు ముడిచేశాడు. మనవరాలు నక్క తోకని దుప్పటిలా కప్పుకుంటున్నానని చెప్పబోతోంది.

తాతయ్య చూపుడువేలు గాల్లో ఆడింది. ఆడి, ఆగి, మళ్లీ మొదటి నుంచి ఆడింది.

పన్నెండు.

పొద్దున పదకొండు మందే ఎక్కారు. మధ్యలో స్టాపు లేదు. మరి పన్నెండోవాడు ఎక్కడ ఎక్కాడు? ఆ భూతం! వీళ్లు పడుకుంటే అంతే సంగతులు, నక్క, ఎలుగుబంటి, రెక్కల పిల్ల, అందరూ. నోరు తెరిస్తే రాయి పగులుతుంది, కుర్చీ గుమాస్తాది అవుతుంది. తెరవకపోతే మనవరాలి మూడేళ్ల నక్క తెల్లారేసరికి ఉండదు. తాతయ్య ముఖం ఎర్రబడింది. ముప్ఫై నాలుగేళ్ల మాటలన్నీ పళ్ల వెనక వచ్చి నిలబడి తోసుకుంటున్నాయి.

ఒక్కటి కూడా దిగనివ్వలేదు.

చెయ్యెత్తి, వేలి కణుపుతో బల్ల మీద ఒకే ఒక్కసారి కొట్టాడు. టక్.

"ఇది చెల్లుతుందా?" అన్నాడు మెకానిక్కు.

మేడమ్ పుస్తకం చూసింది. "రాయి చేసే చప్పుడు మాట కాదు. చెల్లుతుంది."

మనవరాలు అప్పటికే లేచి నిలబడింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి తాతయ్య బస్సులో, గంట తాడు కింద సీట్లో పెరిగిన పిల్ల. "ఒకటంటే ఆపు! ఎవరూ పడుకోవద్దు! ఏంటి తాతా, ఏమైంది?"

తాతయ్య మూతల్ని దగ్గరికి లాక్కున్నాడు. అంచు పగిలిన తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టాడు. పక్కన పచ్చ బిడ్డని. సిరా మరక ముసలాయన్ని కిటికీ పక్కన. గీత పడినదాన్ని, సొట్టదాన్ని, రంగు వెలిసిన జంటని, ఒక్కొక్కళ్లనీ పొద్దున ఎక్కడ కూర్చున్నారో సరిగ్గా అక్కడే కూర్చోబెట్టాడు. తొందరేమీ లేదు. బస్సు ఆపి ఉంది కదా. పదకొండు సీట్లూ నిండాయి. మధ్య సందులో ఒక తెల్లటి మూత ఒంటరిగా నిలబడి ఉంది. కొత్తది, ఒక్క మరకైనా లేదు.

స్టూలు మీద నుంచి గుమాస్తా పెన్సిలు జారవిడిచాడు. "అయ్యబాబోయ్, చిరునామా లేని ఉత్తరం!" అన్నాడు.

"భూతం!" అని మనవరాలూ నర్సూ ఒకేసారి అరిచారు. మేడమ్ అరచేతుల్లో ముఖం దాచుకుని నవ్వుతోంది. "నెల రోజులు ఆలోచించి పెట్టిన ఉచ్చు. పన్నెండో మూతని ఎవరూ చూడరనుకున్నాను!"

తాతయ్య బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. టక్ టక్. పోనివ్వు.

నక్క నిద్రలో కలవరిస్తున్నట్టు నటిస్తూ భూతం చెవిలో, గుహ లోపలి గదిలో లావుపాటి మనుషులున్నారని అబద్ధం చెప్పింది. పదిహేను పడింది, భూతం నమ్మింది. భూతం లోపలికి వెళ్లగానే ఎలుగుబంటి తల్లీబిడ్డల్ని వీపున ఎత్తుకుంది. రెక్కల పిల్ల దారి చూపించబోయి, పాచిక మూడు పడి గోడకి గుద్దుకుంది. మెకానిక్కు తన తలే పట్టుకున్నాడు. అయినా పదకొండు మందీ బయటపడ్డారు. తాతయ్య వేలితో వాళ్లని లెక్కపెట్టుకుంటూ, అందరికంటే చివర్లో, రాతిమనిషికి గుర్తుగా పెట్టుకున్న గాజు పేపరువెయిటుని గుహ ద్వారంలో పెట్టాడు. అడ్డంగా పెట్టాడు. తనే తలుపైపోయాడు.

"పాచిక వేయండి" అంది మేడమ్. "భూతం లోపలి నుంచి తోస్తుంది. గట్టిగా తోస్తుంది."

పాచిక దొర్లింది. కంటి అట్ట కిందుగా, సిరా మరక ముసలాయన్ని దాటి, బల్ల అంచున ఆగింది. పంతొమ్మిది.

షాపులో అరుపులకి గోడ మీద కళ్లజోళ్లు గలగలమన్నాయి. నర్సుకి నిద్ర మొత్తం ఎగిరిపోయింది. మెకానిక్కు తాతయ్యని కుర్చీతో సహా లేపాడు, దించాడు. తాతయ్య మాత్రం పెదవులు బిగించి, కళ్లు మిలమిలలాడిస్తూ, అంతా అయ్యేదాకా రాయిలాగే కూర్చున్నాడు.

"తెల్లవారింది" అంది మేడమ్. "రాతిమనిషికి కొత్త మాట వచ్చింది. చెప్పండి తాతగారూ."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా తన మాట కోసం కాచుకోవడం ముప్ఫై నాలుగేళ్లలో ఎప్పుడూ జరగలేదు. బస్సులో కూడా. తాతయ్య తొందరపడలేదు. స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని, ఇందాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన గుమాస్తా వైపు చూశాడు. తన కుర్చీని ఎడమకి లాగాడు.

"కొంచెం జరగండి, ఇంకొకరికి చోటుంది."

మేడమ్ ఏదో పద్ధతి గురించి చెప్పబోయింది. అయిదు కుర్చీలే కదా అనబోయింది. అప్పటికే నర్సు జరిగింది, మెకానిక్కు జరిగాడు, మనవరాలు సగం బల్ల మీదే కూర్చుంది. గుమాస్తా స్టూలు దిగి, ఆ స్టూలునే ఎత్తుకుని వచ్చాడు. సందు సరిగ్గా సరిపోయింది. మోచేతులు మాత్రం ఎవరికీ మిగల్లేదు.

"మీకు ఏ వేషం కావాలండీ?" అంది మేడమ్.

"గద్దండీ" అన్నాడు గుమాస్తా సిగ్గుపడుతూ. "ఇన్నేళ్లుగా ఉత్తరాల మీద ముద్రలు కొడుతున్నాను. అవి వెళ్లే ఊళ్లు ఒక్కసారి పైనుంచి చూద్దామని."

తాతయ్య ఇంటికెళ్లే దారంతా రాయిలాగే నడిచాడు. గుమ్మం దాటాక, చెప్పులతో పాటు ఆట వేషం కూడా విప్పేశానని ప్రకటించి, మొదలుపెట్టాడు. నది దగ్గర నుంచి. మూతల దగ్గర ఆగి, ఒక్కో మూత ఎలా ఉందో చెప్పాడు. మనవరాలు మధ్యలో ఒక ముక్క చెప్పబోతే, "నువ్వుండవే, నేనున్నానా లేదా అక్కడ?" అన్నాడు. పాచిక దొర్లినంతసేపు దొర్లించి, పంతొమ్మిది దగ్గర లేచి నిలబడ్డాడు. అయిపోయాక, నీకు మొదట్లో ఒక సంగతి చెప్పడం మరిచిపోయానని మళ్లీ నది దగ్గరికి వెళ్లాడు.

నానమ్మ వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, పొట్టి పీట మీద కాలు చాపుకుని వింటోంది. రెండోసారి పడవ దాకా విన్నాక, లేవకుండానే చెయ్యి చాపి, గుమ్మం పక్క మేకుకి తను వేసిన ముడిని మెల్లగా విప్పింది. తాడు లాగింది. ఒక్కసారి.

తాతయ్య ఠక్కున ఆగిపోయాడు, నోరు తెరిచినవాడు తెరిచినట్టే.

నానమ్మ చెంబు ఎత్తి తీరిగ్గా మంచినీళ్లు తాగింది. దిండు వెనక్కి సర్దుకుంది. మోకాలిని పీట మీద ఇంకొంచెం అటు జరుపుకుంది. గోడగడియారం కొట్టుకోవడం వినిపించింది, వారమంతా వినిపించినట్టే. ఆవిడ దాని వైపు ఒకసారి చూసింది.

తర్వాత తాడు మళ్లీ అందుకుని, రెండుసార్లు కొట్టింది.